బల్ల వైపు తిరిగిన మాస్టారు

మా బసవేశ్వరరావు మాస్టారికి దేవుడు రెండు వరాలిచ్చాడు. ఒకటి, సుద్దముక్కతో ఒక్క ఊపులో సున్నా చుడితే అది వృత్తలేఖినితో గీసినట్టు రావడం. రెండోది, ఆ సంగతి ఆయనకు బాగా తెలిసి ఉండడం. మొదటిదాన్ని చూసి పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు. రెండోదాన్ని పదకొండేళ్ళు నేను భరించాను.

నా పేరు కామేశ్వరమ్మ, తెలుగు పంతులమ్మని. పిట్టలవానిపాలెం మండలంలో ఒక హైస్కూల్లో ఆయన లెక్కలు, నేను పద్యాలు. ఇద్దరం తెనాలి నుంచే వెళ్ళేవాళ్ళం. పొద్దున పాసింజరెక్కి నిడుబ్రోలులో దిగితే, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆయన సొంతూరు అమృతలూరు. నాలుగెకరాల మాగాణి కౌలుకిచ్చి బడిపంతులయ్యాడని వాళ్ళ నాన్న చివరిదాకా సణిగేవారట. దమ్ము చేసిన చేను ఎంత చదునుగా ఉండాలో నల్లబల్ల మీద అక్షరం కూడా అంత చదునుగా ఉండాలని మాస్టారి సిద్ధాంతం. రంగు సుద్దముక్కలు సొంత డబ్బుతో కొనుక్కుని టిఫిన్ డబ్బా పక్కనే పెట్టుకుని తెచ్చుకునేవారు.

ఆయన క్లాసులోకి వస్తే ముందు తడిగుడ్డతో బల్ల తుడుస్తారు. ఆరేదాకా ఆగుతారు. ఆ తర్వాత ఎడమ పక్క పై మూల నుంచి మొదలుపెడితే, చెయ్యి రాస్తూ ఉంటుంది, నోరు చెబుతూ ఉంటుంది, గంట కొట్టేసరికి కుడి పక్క కింది మూలలో జవాబు కింద ఎర్రగీత పడుతుంది. అచ్చువేసిన పేజీ! నా పీరియడ్ ఆయన తర్వాతే. ఆ బల్ల తుడవడానికి ఏ పిల్లకీ చేతులు రావు. ఒకసారి నేనే తుడిచి "సంధులు" అని రాశానని, ఆ సాయంత్రం తెనాలి స్టేషన్ వచ్చేదాకా ఆయన నాతో మాట్లాడలేదు.

ఇలా ఉండగా మా బడికి పెద్ద తెర వచ్చింది. గోడంత పొడుగు, వేలితో తాకితే రాతలు పడే తెర. పిల్లలు దానికి టీవీ అని పేరు పెట్టారు. మా హెడ్మాస్టరు జగన్నాథరావు గారు మంచి మనిషే గానీ, బాధ్యత అంటే ఆయనకు చలిజ్వరం. "పగిలితే ఎవరు సమాధానం చెబుతారండీ?" అని దానికి నీలం గుడ్డతో ముసుగు కుట్టించి, ఆ గది తాళంచెవి జేబులో వేసుకు తిరిగారు. జులై నుంచి దసరా దాకా ఆ తెర ఘోషా స్త్రీలాగే ఉంది.

దసరాకి మాత్రం ముసుగు తీశారు, పూజ చెయ్యడానికి. ఆయుధపూజ నాడు సైకిలుకీ మిక్సీకీ బొట్టు పెట్టే వాళ్ళం, దీనికి పెట్టకుండా ఉంటామా? చట్రం చుట్టూ గంధం పూసి, కుంకుమ అద్ది, ఒక దండ కూడా వేశాం. నేను శ్లోకం కూడా చదివాను. సెలవులయ్యాక ముట్టుకుంటే తెర మాట వినలేదు. ఇక్కడ వేలు పెడితే గీత అక్కడెక్కడో పడుతోంది. బసవేశ్వరరావు గారి ఆనందం చూడాలి.

"చూశారా కామేశ్వరమ్మగారూ? నా నల్లబల్లకి ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారైనా జబ్బు చేసిందా?"

నాకు ఒళ్ళు మండి, తెర తాలూకు మెకానిక్‌కి ఫోన్ చేశాను. అతను అంతా విని, "మేడమ్, చట్రం అంచులకి ఏమన్నా పూశారాండి?" అన్నాడు. ఆ అంచుల్లో కంటికి కనపడని కిరణాలుంటాయట. వేలు ఎక్కడుందో వాటి వల్లే దానికి తెలుస్తుందట. మేం శ్రద్ధగా సరిగ్గా వాటి మీదే గంధం పూశాం. మెత్తటి గుడ్డతో తుడిస్తే అరగంటలో బాగుపడింది. అదే వారం, తెర వాడని బళ్ళ పేర్లు పైకి రాస్తారని కబురొచ్చింది. జగన్నాథరావు గారికి ఈ భయం ఆ భయం కంటే పెద్దది కావడంతో తాళంచెవి తెచ్చి బసవేశ్వరరావు గారి చేతిలో పెట్టారు.

పదో తరగతికి ఆయన మొదటి పాఠం నేను కిటికీలోంచి చూశాను. చూడకుండా ఎలా ఉంటాను! గాజు మీద ఆయన అక్షరం వంకర పోయింది. సుద్దముక్కకి బల్ల కాస్త పట్టు ఇస్తుంది, గాజు జారిపోతుంది. సున్నా కోడిగుడ్డయింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు తెరని తిట్టకండి మాస్టారూ" అన్నాను రైల్లో. ఆయన తిట్టలేదు. అంతకంటే మొండిపని చేశారు. రోజూ బడి వదిలాక ఒక గంట ఉండి, మర్నాటి పాఠమంతా ఆ తెర మీద నిదానంగా రాసుకుని, వంకర వచ్చిన ప్రతి అక్షరం చెరిపి మళ్ళీ రాసి, పేజీలు పేజీలుగా దాచిపెట్టుకునేవారు. క్లాసులో వేలితో ఒక్కో పేజీ తిప్పడమే. పిల్లల ముందు మాత్రం వంకర అక్షరం పడకూడదు. అంతా పరువు కోసం. ఆయన కోసం నేనూ ఏడు గంటల బండి పట్టుకోవలసి వచ్చేది.

ఇప్పుడు స్నేహ గురించి చెప్పాలి. ఆ పదో తరగతిలోదే, తొమ్మిదిలో వచ్చి చేరిన పిల్ల. వాళ్ళ నాన్న ఈ ఊళ్ళో పొలం కౌలుకి తీసుకుని రేపల్లె వైపు నుంచి కాపురం మార్చారు. ఎప్పుడూ ముందు బెంచీలోనే కూర్చునేది. నా పాఠం వింటున్నంతసేపూ చూపు తిప్పేది కాదు. నా పద్యం రాగానికి ఇంతలా లీనమయ్యే పిల్ల ఇన్నాళ్ళకి దొరికిందని మురిసిపోయాను. తెలుగులో ముప్ఫై ఎనిమిదో నలభయ్యో వచ్చేవి. లెక్కల్లో మాత్రం యాభైకి ఏడు, ఒకసారి నాలుగు. "బొత్తిగా బుర్ర లేదండీ" అనేవారు మాస్టారు.

డిసెంబరు పరీక్షలో ఆ ఏడు నలభై ఒకటైంది.

ఏ మాస్టారైనా సంతోషించాలి. ఈయన పట్టుకున్న కుందేటికి మూడే కాళ్ళు. బుర్ర లేని పిల్లకి నలభై ఒకటి వచ్చిందంటే పక్కనున్న చంద్రిక పేపరు చూసే ఉంటుందని తేల్చేశారు. చంద్రికకి ముప్ఫై నాలుగే వచ్చాయని నేను అన్నా వినలేదు. మర్నాడు క్లాసులో స్నేహని లేపి తెర పక్కనున్న నల్లబల్ల దగ్గరికి పంపి, సుద్దముక్క ఇచ్చి, తను వెనక గోడ దగ్గర నిలబడి లెక్క చెప్పారు. "ఒక దీర్ఘచతురస్రం పొడవు వెడల్పు కంటే మూడు మీటర్లు ఎక్కువ. వైశాల్యం నలభై చదరపు మీటర్లు. కొలతలు కనుక్కో."

స్నేహ బల్లకేసి తిరిగి నిలబడింది. రాయలేదు. మాస్టారు మళ్ళీ చెప్పారు. మూడోసారి గట్టిగా చెప్పారు. ఆ పిల్ల చెయ్యి పైకి లేచి అలాగే ఉండిపోయింది. క్లాసంతా నవ్వింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

"నలభై ఒకటి ఎలా వచ్చాయో తెలిసిందిగా? వెళ్ళి కూర్చో" అన్నారాయన.

స్నేహ మర్నాడు రాలేదు. ఆ తర్వాత నాలుగు రోజులూ రాలేదు. పదో తరగతి పిల్ల డిసెంబర్లో బడి మానితే ఇక మానినట్టే అని మాకు తెలుసు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి ప్రమీల గుమ్మంలోనే నిలబడి, "రేపల్లెలో మా అమ్మ దగ్గరికి పంపేశాం మేడమ్. కుట్టుపని నేర్చుకుంటుంది. దొంగ అనిపించుకుని చదవక్కర్లేదండి" అంది.

ఆ మాట మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పాను. తగ్గించి చెప్పాలనిపించలేదు, నాకు అంత కోపంగా ఉంది. ఆయన నిడుబ్రోలు నుంచి తెనాలి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దిగేముందు, "ఆదివారం రేపల్లె బండి ఎన్నింటికండీ?" అన్నారు.

రేపల్లెలో స్నేహ అమ్మమ్మ సుబ్బరత్నమ్మ గారి ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. ముందు గదిలో రెండు కుట్టుమిషన్లు. స్నేహ గుమ్మానికి వీపు పెట్టి, మిషను తొక్కుతోంది. మాస్టారు గడప దగ్గరే నిలబడి, "స్నేహా!" అన్నారు. తిరగలేదు. మిషను చప్పుడనుకున్నాం. అంతలో దారం తెగినట్టుంది, మిషను ఆగింది. గదంతా నిశ్శబ్దం. ఆయన మళ్ళీ పిలిచారు, బాగా గట్టిగా. పిల్ల తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించుకుంటూనే ఉంది.

లోపల్నుంచి సుబ్బరత్నమ్మ గారు వచ్చారు. మమ్మల్ని చూశారు. పిలవకుండా వెళ్ళి మనవరాలి భుజం మీద చెయ్యి వేశారు. అప్పుడు తిరిగింది స్నేహ.

ఏడాదిన్నరగా నా కళ్ళలోకి చూస్తోందని మురిసిపోయానే, అది చూసింది నా పెదవుల్ని. పెద్ద పంతులమ్మని!

"ఆరో ఏట విషజ్వరం వచ్చింది మాస్టారుగారూ" అన్నారు ముసలావిడ మంచం చూపిస్తూ. "పోయింది పోగా ఏదో కాస్త మిగిలింది. ఎదురుగా ఉండి మాట్లాడితే అంతా పట్టేసుద్ది. చెబితే చెవిటి పిల్లల హాస్టల్‌కి పంపించెయ్యమంటారని మా ప్రమీల భయం. ఉన్నది ఒక్కగానొక్క పిల్ల బాబూ, కళ్ళ ముందు ఉండాలని దాచిపెట్టుకున్నాం."

మాస్టారు మంచం మీద కూర్చోలేదు. బట్టలు కత్తిరించే బల్ల దగ్గర ఉన్న స్టూలు లాక్కుని స్నేహకి ఎదురుగా కూర్చున్నారు. అదే లెక్క మళ్ళీ చెప్పారు, మెల్లగా, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ. పొడవు వెడల్పు కంటే మూడు మీటర్లు ఎక్కువ. వైశాల్యం నలభై. స్నేహ అమ్మమ్మ వైపు చూసి, జాకెట్టు కొలతలు గీసే సుద్దబిళ్ళ తీసుకుని, కింద పడున్న పాత పేపరు మీద నాలుగు వరసలు రాసింది.

"వెడల్పు అయిదు, పొడవు ఎనిమిది సార్."

"మరి ఆ రోజు..."

"ఆ రోజు మీరు వెనకాల నుంచి చెప్పారు సార్. నాకేం తెలీలేదు."

"ముందు పరీక్షల్లో ఏడు మార్కులేంటమ్మా మరి?"

స్నేహ కొంచెం తటపటాయించింది. పెద్దవాళ్ళ తప్పు చెప్పడం ఆ పిల్లకి అలవాటు లేదు. "మీరు ఎప్పుడూ బల్ల వైపు తిరిగి చెప్తారు కదా సార్. టీవీ వచ్చాక మాకేసి తిరిగారు. అప్పుడే మీ మొహం కనపడింది."

ఆయన ఆ పేపరు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ముప్ఫై ఒక్క ఏళ్ళు" అన్నారు నాతో. "ఎంతమందికి వీపు చూపించానో ఎవరికి తెలుసండీ?" నాకు ఓదార్చాలని తోచలేదు. నా కళ్ళే నిండి ఉన్నాయి.

బడికి రమ్మంటే స్నేహ తల అడ్డంగా ఊపింది. "అందరూ నవ్వారు సార్." "నేను క్లాసులో నిజం చెబుతాను, నీ చెవుల సంగతి కూడా చెప్పమంటావా?" అని అడిగారు మాస్టారు. ఆ పిల్ల మిషను మీది గుడ్డ తీసి మడతపెట్టింది. "మీరు చేసింది మీరు చెప్పండి సార్. నాది నేను చెప్పుకుంటాను" అంది.

ప్రమీలని ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది. ఏ హాస్టల్‌కీ పంపనివ్వనని, ఈ బడిలోనే పదో తరగతి రాయిస్తానని మాస్టారు మాటిచ్చారు. నాలుగో రోజు స్నేహ వచ్చింది. నేనూ క్లాసులో ఒక పక్కగా నిలబడ్డాను. ఆయన తెర ముట్టుకోలేదు, సుద్దముక్క ముట్టుకోలేదు. పిల్లలకి ఎదురుగా నిలబడి, "స్నేహ కాపీ కొట్టలేదు. నలభై ఒకటీ తన సొంతం. తెలుసుకోకుండా మీ అందరి ముందు దాన్ని అవమానించాను. తప్పు నాది, మీ అందరి ముందే ఒప్పుకుంటున్నాను" అన్నారు. ఆయన నోట తప్పు అనే మాట నేను వినడం అదే మొదటిసారి.

స్నేహ లేచి క్లాసు వైపు తిరిగింది. "నాకు సరిగ్గా వినపడదు. మొహం చూస్తే తెలుస్తుంది. నాతో మాట్లాడేటప్పుడు ఇటు తిరగండి" అని గబగబా చెప్పేసింది.

చంద్రిక స్నేహ మొహంలోకి చూస్తూ మెల్లగా, "మరి ఆ రోజు మేం నవ్వింది నీకు వినపడలేదా?" అంది.

"కనపడింది" అంది స్నేహ.

ఆ పూట ఆ క్లాసులో ఇంక పాఠం జరగలేదు.

తర్వాత పనులు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. బాపట్ల ఆస్పత్రిలో చెవులు పరీక్ష చేయించాం. వినికిడి మిషను చేతికొచ్చేసరికి ఫిబ్రవరి అయింది. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు కూడా మాటంత గట్టిగా వినిపిస్తోందని స్నేహ విసుక్కునేది. మాస్టారు మాట్లాడుతుంటే ఆ మాటల్ని తెలుగులో రాసి చూపించే ఏర్పాటొకటి సాత్విక్ అనే క్లాసు పిల్లవాడు తెరలో వెతికి పట్టాడు. మాస్టారు గబగబా మాట్లాడితే అది తికమకపడేది, నిదానంగా చెబితే బుద్ధిగా రాసేది. దానికోసం ఆయన నిదానం నేర్చుకున్నారు. తమాషా ఏమిటంటే, చెవులు శుభ్రంగా ఉన్న వెనక బెంచీ వాళ్ళకి కూడా అప్పటినుంచే లెక్కలు అర్థమవడం మొదలైంది. చదువు సగం బుర్రలో ఉంటే సగం చెప్పే పద్ధతిలో ఉంటుందని మా నాన్నగారు అనేవారు. నేను విన్నాను గానీ వంటపట్టించుకోలేదు.

అంతకుముందే, జనవరి చివర్లో, బాపట్లలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. విద్యా సాంకేతికత అంటే ఏమిటి, దాని ప్రయోజనం ఏమిటి, ఒక్కొక్కరు అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఒకాయన ఇంటర్నెట్ నుంచి దింపిన నిర్వచనం చదివాడు. ఇంకొకావిడ తెర వల్ల పన్నెండు లాభాలు వరసగా చెప్పింది. నాకు కునుకు పట్టింది. బసవేశ్వరరావు గారి వంతు వచ్చింది.

"ఆ తెర నాకంటే బాగా పాఠం చెప్పలేదండి" అన్నారాయన. "నా రాత కంటే బాగా రాయలేదు కూడా. అది చేసింది ఒక్కటే. రాత పని నా చేతిలోంచి తీసుకుని నన్ను పిల్లల వైపు తిప్పింది. తిరిగాక అక్కడ ఒక పిల్ల కనపడింది. ప్రయోజనం అంటే నాకు తెలిసింది ఇంతేనండి. ఈ పని ఒక సుద్దముక్క చేసినా నాకు అభ్యంతరం లేదు. నా సుద్దముక్క చెయ్యలేదు." అని కూర్చున్నారు. అయిదు నిమిషాల్లో నాలుగు మిగిలాయి. పన్నెండు లాభాలావిడ తన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. స్నేహ సెంటరు బాపట్ల వైపు పడింది. లెక్కల పరీక్ష నాడు ఇన్విజిలేటరు ఏదన్నా చెబితే ఆ పిల్లకి తెలుస్తుందో లేదోనని మాస్టారు ముందే వెళ్ళి, ఆయన్ని బతిమాలి, ఏ ప్రకటన చేసినా ముందు బెంచీకి ఎదురుగా నిలబడి చెప్పేలా మాట తీసుకున్నారు. బయట ఎండలో మూడు గంటలు నిలబడ్డారు. తను ఉద్యోగం కోసం రాసిన పరీక్షకి కూడా అంత కంగారు పడలేదట.

ఫలితాలు వచ్చిన రోజు స్టాఫ్ రూములో అందరం జగన్నాథరావు గారి కంప్యూటర్ చుట్టూ చేరాం. నంబరు నన్ను కొట్టమని మాస్టారు కుర్చీ ఖాళీ చేశారు. స్నేహ పాసైంది. లెక్కల్లో ఎనభై ఆరు. జగన్నాథరావు గారు పైనుంచి ఏ కాగితం రాకుండానే చప్పట్లు కొట్టారు.

అంతలో మాస్టారి ఫోను మోగింది. రేపల్లె నుంచి స్నేహ, వీడియో కాల్. ఆయనకు ఆ తేడాలు తెలియవు. ఫోను ఎత్తి, ఎప్పట్లాగే చెవికి ఆనించుకుని, "అమ్మా స్నేహా, ఎనభై ఆరమ్మా, ఎనభై ఆరు!" అని అరిచారు.

"సార్, మీ చెవి కనపడుతోంది" అన్నది ఫోనులోంచి ఆ పిల్ల గొంతు. నవ్వుతోంది. "మొహం చూపించండి సార్."

నేను ఫోను తీసి ఆయన ఎదురుగా పట్టుకున్నాను. తెర మీద స్నేహ, ఆ వెనకాల ప్రమీల, సుబ్బరత్నమ్మ గారు. మాస్టారు ఏదో చెప్పబోయారు. కళ్ళు ధారలు కట్టాయి. స్టాఫందరి ముందూ ఏడుస్తున్నానని సిగ్గుపడి, పై పంచ అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయారు.

"సార్" అంది స్నేహ. "అటు తిరక్కండి సార్. మీరేం అంటున్నారో నాకు తెలీదు."

ఆయన కళ్ళు తుడుచుకోకుండానే ఇటు తిరిగారు.